అర్జెంటీనా జొన్నచేలో నాయనమ్మ కేక

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఏడో తరగతి లెక్కల పేపరు చూసి జడుసుకుని బడి మానేసినవాణ్ని. అంతకు మించి నన్ను భయపెట్టేది ఈ భూమ్మీద ఉండదని అనుకునేవాణ్ని.

బడి మానేశాక మా నాయనమ్మ నన్ను జొన్నచేలో మంచె ఎక్కించి చేతికి వడిసెల ఇచ్చింది. తాడు మడతలో రాయి పెట్టి, గిరగిరా తిప్పి విసిరి పిట్టల్ని తోలాలి. మొదటి రోజు చిలకల మీదికి విసిరితే రాయి పోయి నాయనమ్మ నీళ్లకుండకు తగిలింది. రెండో రోజు మా బర్రెకు తగిలింది. చిలకలకు మాత్రం నేనంటే భయం పోయింది.

దాంతో నాయనమ్మ ఒక కట్టుబాటు పెట్టింది. మా చేను పక్కనే మిరప తోట. అందులో ఎప్పుడూ కూలీలు ఉండేవాళ్లు. నేను రాయి విసిరే ముందు ఆమే గొంతెత్తి "వంగుండ్రీ...!" అని కేకేసేది. తోటలోంచి "వంగినం!" అని జవాబు వచ్చేదాకా నా చెయ్యి లేవకూడదు. ఆ కేక గోదారి ఒడ్డు దాకా వినిపించేదని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమె పోయి ఆరేళ్లయింది.

ఇప్పుడు నాకు బూర్గంపాడులో బోరు బండి ఉంది. మా అక్క సుజాత భర్త రాఘవులు బావ నాతోపాటే ఆ బండి మీద పని చేస్తాడు. దాని మోతకు ఆయన చెవులు సగం పోయాయి. పోయినేడు మమ్మల్నిద్దరినీ అర్జెంటీనా తీసుకెళ్లింది ట్రాక్టర్లు అమ్మే నా దోస్తు కిరణ్. మన అడవిలో పిట్ట మీద చెయ్యేస్తే కేసు. అక్కడేమో గువ్వలు మబ్బుల్లా దిగి పంటను తినేస్తాయట. తుపాకులిచ్చి కాల్చుకోమని పిలిచి, వేట బంగళాలో పెట్టి మర్యాదలు చేస్తారు.

బయల్దేరే రోజు అక్క గుమ్మంలోనే నన్ను ఆపింది.

"తమ్మీ, మీ బావకు సరిగ్గ ఇనవడదు. ఎట్ల తోల్కపోతున్నవో గట్లనే తోల్కరావాలె. ఒంటి మీద గీత పడ్డా నిన్ను ఇంట్ల అడుగువెట్టనియ్య."

"ఏందక్కా, నేను కొట్టవోయేది గువ్వల్ని. బావను గాదు," అన్నాను.

మొదటి రోజు నా లెక్క సున్నా. సగం చెవుడున్న బావ కూడా పిట్టల్ని రాల్చాడు. నేను ఆకాశానికి తప్ప దేనికీ గాయం చేయలేదు. "తుపాకిల తూటాలే ఏసినవారా, జీలకర్ర పోసినవా?" అని కిరణ్ రాత్రి భోజనం దగ్గర పరువు తీశాడు.

రెండో రోజు పొద్దున మమ్మల్ని జొన్నచేలకు తీసుకెళ్లారు. మన జొన్న మనిషిని మించి పెరుగుతుంది. వాళ్లది నడుమెత్తే. కంకి మాత్రం బరువుగా, ఎర్రగా, ముద్దగా ఉంది. ఒక్కొక్కరిని ఒక్కో గుర్తు దగ్గర నిలబెట్టారు. చెప్పకుండా ఎవరూ అక్కణ్నుంచి కదలకూడదు. అందరి చెవులకూ మోత వినపడకుండా దళసరి మూతలు. నా పక్కన తూటాలు అందించడానికి మార్కోస్ అనే పెద్దమనిషి ఉన్నాడు. తెల్ల మీసాలు, వయసు అరవై దాటి ఉంటుంది. స్పానిష్ తప్ప మరో ముక్క రాదు.

ఎండ బాగా ఎక్కింది. ఒక గువ్వ కంకుల మీద నుంచి, తల మీద రాసుకుంటూ పోయినంత కిందుగా వచ్చింది. ఈసారి గురి తప్పదు అనుకున్నాను. తుపాకీ దాని వెంట తిరిగింది. వేలు బిగుస్తోంది.

"వంగుండ్రీ...!"

మూతల్లోంచి కాదు. నా తలకాయ వెనకాల నిలబడి అరిచినట్టు. అదే గొంతు, చివర అదే సాగదీత. నేనేమీ ఆలోచించలేదు. ఆ కేక పడితే చెయ్యి ఆగడం చిన్నప్పటి అలవాటు. ఆగిపోయింది. గువ్వ వెళ్లిపోయింది. నేను మాత్రం, చెబితే నవ్వుతారు, జవాబు కోసం చూస్తున్నాను.

జవాబు వచ్చింది.

"వంగిన్నరా!"

నా తుపాకీ మొన ఎటు ఉందో సరిగ్గా అటే, ఇరవై అడుగుల దూరంలో, జొన్నలోంచి మా బావ లేచి నిలబడ్డాడు. రెండు గుప్పిళ్ల నిండా కంకులు. ఆ గింజ చూసి మనసాగక, విత్తనానికి నాలుగు కంకులు తెంపుకుందామని తన చోటు వదిలి, వంగి వంగి నా ముందుకు వచ్చేశాడు. ఆ కేక పడకపోయుంటే, ఆయన నిటారుగా లేచే క్షణం, నా వేలు బిగిసే క్షణం ఒకటే అయ్యేవి.

తుపాకీ కింద పెట్టి బావను ఎగాదిగా చూశాను.

"గట్ల జూస్తవేంది? నువ్వే గదా వంగుమన్నది?" అన్నాడు బావ.

"నేను నోరు తెరవలే బావా."

ఆయన చెవుల మూతలు అలాగే ఉన్నాయి. వట్టి చెవులతో పక్కన నిలబడి పిలిచినా పలకని మనిషి.

కిరణ్‌ను అడిగాను. వాడు చేనుకు ఆ చివర ఉన్నాడు, ఏమీ వినలేదన్నాడు. "పానం బెదిరితే పాత మాటలు ఇనవడ్తయిరా," అన్నాడు. నేనూ ఒప్పుకునేవాణ్నే. కానీ అప్పటిదాకా చుట్టూ వెతుకుతున్న మార్కోస్ మాటలు తర్జుమా చేసే తన ఫోనులో ఏదో మాట్లాడి, తెర నా వైపు తిప్పాడు. తెలుగులో వచ్చింది: "కేక వేసిన ముసలమ్మ ఎక్కడ?"

ఇక తుపాకీ ముట్టలేదు. కానీ ఆ సాయంత్రం నా ఆనందం చూడాలి! బావ ఒంటి మీద గీత లేదు. బంగళా ముందు గోనె తాడుతో వడిసెల పేని, గుంజ మీద డబ్బా పెట్టించి, మాలాగే వేటకొచ్చిన పది మంది తెల్లదొరల ముందు నిలబడి "వంగుండ్రీ!" అని కేకేశాను. ముందు బావ వంగాడు, తర్వాత మార్కోస్ వంగాడు, ఆ తర్వాత దొరలంతా వంగారు. విసిరాను. రాయి డబ్బాను వదిలేసి, గేటు పైన వేలాడే గంటకు ఖణేల్‌మని తగిలింది. నేను గురి పెట్టింది దానికేననుకుని అందరూ ఈలలు వేసి, నన్ను భుజాల మీద ఎత్తుకుని ఊరేగించారు. వాళ్ల పొరపాటు నేను సరిదిద్దలేదు.

ఆ జొన్నచేలో అరిచిందెవరో, చెవిటి మనిషికి ఎలా వినిపించిందో, మా నాయనమ్మ ఎవరో తెలియని మార్కోస్‌కు మూతల్లోంచి ఆ ముసలమ్మ గొంతు ఎలా చేరిందో, ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. దయ్యమంటే ఒప్పుకోను. కాదనే ధైర్యమూ లేదు.

ఇంటికొచ్చి బావను అప్పజెప్పి, జరిగింది అంతా అక్కకు చెప్పాను. ఆమె బావ చుట్టూ ఒకసారి తిరిగి చూసుకుంది, కళ్లు తుడుచుకుంది. "చనిపోయిన మనిషి గంత దూరం ఎందుకొచ్చిందంటవక్కా?" అని అడిగాను.

"నీ గురి ఆమెకు తెల్వదారా? నువ్వు బావ మీదికే గురి వెట్టుంటే నిమ్మళంగ పండుకునేది. గువ్వ మీదికి వెట్టినవు గదా, అందుకే ఉరికొచ్చింది!" అంది మా అక్క.