చప్పిడి మాంసం, ఎర్ర వైన్

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చేనాటికి నేను అక్కడే సాల్మియా అనే పేటలో మార్కో సార్ దగ్గర వంటవాణ్ని. ఆయన ఇటలీ ఇంజనీరు, ఒంటరి మనిషి. నాది రాజంపేట పక్క పల్లె. కారం లేనిదే నాకు ముద్ద దిగదు. ఆయనకేమో మిరపకాయ పోపు వాసనకే కళ్లనీళ్లు వచ్చేవి. అందుకని మా పొయ్యి మీద ఎప్పుడూ రెండు గిన్నెలు ఉండేవి.

కువైట్‌లో మద్యం నిషేధం. అయినా స్నేహితుల ద్వారా సార్‌కు కియాంతి సీసాలు ఎలాగో చేరేవి. ఇటలీలో టస్కనీ ప్రాంతపు ఎర్ర వైన్ అది. నేను తాగను. వంటలో పోసేముందు చెంచాడు నోట్లో వేసుకుని, రుచి చూసి ఉమ్మేసేవాణ్ని. పులుపు, వెనకే వగరు. ద్రాక్ష తొక్కల్లోంచి, గింజల్లోంచి దిగే టానిన్ వల్ల ఆ వగరు వస్తుంది. నేరేడు పండు తిన్నట్లు నాలుక పట్టేస్తుంది.

"కొవ్వున్న మాంసంతో తాగితే ఇది మెత్తబడుతుంది. నీ కారంతో తాగితే నోరు తగలబడుతుంది" అనేవాడు సార్. ఏ వైన్‌కు ఏ వంట జత అన్నది చూడటాన్ని పెయిరింగ్ అంటారు. అదంతా తాగేవాళ్ల చాదస్తం అనుకునేవాణ్ని.

సెప్టెంబరు వచ్చేసరికి సైనికులు ఇల్లిల్లూ వెతికి తెల్లవాళ్లను బందీలుగా పట్టుకుపోతున్నారు. దాచినవాళ్లకు ఉరేనని అందరూ చెప్పుకుంటున్నారు. సార్ బట్టలు, బూట్లు అప్పటికే వాచ్‌మన్ సుబ్బరాయుడి గదికి చేర్చాం. అతనిదీ మా వైపే.

ఒక మధ్యాహ్నం సార్ భోజనానికి కూర్చోబోతుంటే సుబ్బరాయుడు రొప్పుతూ వచ్చాడు.

"అన్నా, మిలిటరీవాళ్లు కింద ఇండ్లు ఎతుకుతాండారు. సారును తొందరగా పైకి పంపీ, యల్లా!"

సార్ ఉత్త కాళ్లతో డాబా మీదికి పరిగెత్తి నీళ్ల ట్యాంకుల వెనక దాక్కున్నాడు. ఆయన పళ్లెం తీసేశాను. సీసా, గ్లాసు, గిన్నెలు తీసేలోపే ఒక ఆఫీసరు, ఒక సైనికుడు లోపలికి వచ్చారు. సైనికుడు గదులు వెతికాడు. ఆఫీసరు నేరుగా వంటగదిలోకి వచ్చి గిన్నెల మూతలు తీశాడు. ఒకదాంట్లో ఎర్రగా నా కూర. రెండోదాంట్లో టమాటా, వైన్ పోసి సన్నసెగ మీద ఉడికించిన గొర్రె మాంసం.

"ఇంట్లో ఎవరున్నారు?" అని అరబ్బీలో అడిగాడు.

"నేనొక్కణ్నే సార్. మా సారు ఎప్పుడో పోయినాడు" అన్నాను, నాకొచ్చిన అరబ్బీలో.

"ఒక్కడికి రెండు కూరలా? ఈ చప్పిడిది ఎవరికి?"

సైనికుడు అప్పటికే డాబా మెట్ల మీద కాలు పెట్టాడు.

"అది వైన్‌లోకి సార్" అన్నాను. "కారం కూరతో తాగితే నోరు మండుతాది. అన్నంలోకి కారం కూర, వైన్‌లోకి ఈ చప్పిడిది."

ఆఫీసరు మెట్లవైపు చెయ్యెత్తి సైనికుణ్ని ఆగమన్నాడు. గ్లాసు నిండా వైన్ పోసి, "తాగు. చూస్తాను" అన్నాడు.

ముఖం చిట్లించానా, అంతా అయిపోయినట్లే. సార్ మాట గుర్తొచ్చింది. కొవ్వు ముక్క ఒకటి నోట్లో వేసుకుని, నాలుకంతా జిడ్డు పట్టేదాకా నమిలి, అప్పుడు తాగాను. నీళ్లలా దిగింది. సార్ చెప్పింది చాదస్తం కాదని ఆ గుక్కతో తెలిసింది.

ఆఫీసరుకు నమ్మకం కుదరలేదు. నా కూర ముక్క తిని, సీసా ఎత్తి తాగాడు. దగ్గాడు, కళ్లు ఎర్రబడ్డాయి. చప్పిడి ముక్క తిని మళ్లీ తాగాడు. ఈసారి నిదానంగా తలూపాడు.

"ఈ హిందీ నిజమే చెప్తున్నాడు. ఖలాస్, ఇక చాలు, పద" అన్నాడు. గల్ఫ్‌లో మన దేశంవాళ్లందరినీ హిందీ అనే అంటారు. సీసాతోపాటు చప్పిడి గిన్నె కూడా పట్టుకుపోయారు.

సార్ దిగివచ్చేసరికి మిగిలింది నా కూరే. జరిగింది చెప్పాను. ఆకలి మీదున్నాడు, అదే తిన్నాడు. ఆయన కళ్లు ధారలు కట్టాయి. "కారం" అన్నాడు. నాకూ ఏడుపొచ్చింది. కారం అలవాటైనవాణ్ని, ఆ సాకు నాకు లేదు.

వంటగది చూస్తే ఇంట్లో ఎంతమంది ఉన్నారో తెలిసిపోతుందని వంటవాడిగా ఆ రోజు నేర్చుకున్నాను. అప్పటినుంచి ఒకటే గిన్నె. ఆయనకు కొంచెం ఎక్కువ, నాకు బాగా తక్కువ, సగం కారం. చలికాలంలో విదేశీయులను వదిలిపెట్టినప్పుడు సార్ వెళ్లిపోయాడు. ఆ రోజు చాన్నాళ్ల తర్వాత నా ఇష్టప్రకారం దండిగా కారం వేసి వండుకున్నాను. ముద్ద దిగలేదు.