మెత్తనోడి పాటలు

మహబూబ్‌నగర్ నుంచి మక్తల్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న ముసలాయన ఫోన్‌లో తీన్‌మార్ పాటలు దద్దరిల్లుతున్నాయి. ఈ వయసులో ఇవేం పాటలని నాకు చిరాకేసింది.

"పెద్దమనిషీ, జర సౌండ్ తగ్గించు."

ఆయన వెంటనే తగ్గించాడు. "నా కొడుకు ఫోను సారూ. పోయిన నెల పురుగుల మందు తాగి సచ్చిపోయిండు. నోట్లె నాలుక లేనోడు. గందుకే సావుకు డప్పులు వద్దని, భజన పెట్టించి సాగనంపిన. తర్వాత ఫోను తెరిసి సూస్తె అన్నీ ఎగిరే పాటలే. వాని లోపట గింత సప్పుడున్నదని నాకెరుక లేకపాయె."

మక్తల్ దాకా ఆయన ఫోన్‌ను చెవికి ఆనించుకునే విన్నాడు.

ఎప్పుడూ ఇయర్‌ఫోన్లతో ఉండే మా అమ్మాయి చాలా నెమ్మదని అందరికీ గొప్పగా చెప్పేవాణ్ణి. ఆ రోజు తర్వాత ఆ మాట మళ్లీ అనలేదు.