రోమన్ పట్టణానికి జాతర బందోబస్తు

2016లో హనుమకొండలో నాకొక గేమింగ్ సెంటర్ ఉండేది. పది కంప్యూటర్లు, ఆదివారాలు పోటీలు. ఆటగాళ్ల మధ్య తగవొస్తే తీర్పు నాదే. అందులో ఒకటి తప్పుడు తీర్పు. అందరి ముందు చెప్పాను కాబట్టి, తప్పని కూడా అందరి ముందే ఒప్పుకోవాలి.

ఆ రోజు ఆడింది రోమన్ సామ్రాజ్యం మీద ఒక స్ట్రాటజీ గేమ్. ఇద్దరికీ ఒకేలాంటి పట్టణం ఇచ్చాను. కొత్తగా గెలిచిన పట్టణం కనుక జనం మండిపడుతుంటారు. వాళ్లను అదుపులో ఉంచే కాపలా సైన్యాన్ని గారిసన్ అంటారు. ఇరవై టర్నుల పాటు పట్టణం తిరగబడకుండా చూసినవాళ్లదే గెలుపు.

కాజీపేట కిరణ్ కవచాలు తొడిగిన మేటి దళాలను దించాడు. మట్టెవాడ నుంచి వచ్చే డిగ్రీ విద్యార్థిని షబానా పట్టణం నిండా పీజెంట్స్‌ను నింపింది. అంటే కర్రలు పట్టుకున్న పల్లె జనం. ఆటలో అందరికన్నా బలహీనులు. ఎనిమిదో టర్నులో కిరణ్ పట్టణం తిరగబడింది. షబానాది చివరిదాకా కదల్లేదు.

"అన్నా, చీట్ కోడ్ కొట్టింది," అని అరిచాడు కిరణ్. ఆటను మోసం చేసే రహస్యపు మాట అది.

"కొట్టలే అన్నా. మా అబ్బా హోంగార్డు. జాతర బందోబస్తుకు పోతడు. జనాన్ని ఆపేది తుపాకి కాదు, మంది అంటడు. గా లెక్కనే పెట్టిన. సేవ్ ఫైల్ తెరిచి చూడు," అంది షబానా. అబ్బా అంటే వాళ్ల నాన్న.

"ఇగ రోమ్‌కు మీ అబ్బానే డ్యూటీకి పంపుదాం," అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. నాకు ఆ నవ్వు బాగుండింది.

సేవ్ ఫైల్‌లో ఆట మొత్తం భద్రంగా ఉంటుంది. తెరవడానికి రెండు నిమిషాలు చాలు. నేను తెరవలేదు. గెలిచినవాళ్లకిచ్చే కప్పు కిరణ్‌కు ఇచ్చేశాను. షబానా మళ్లీ రాలేదు. కాలేజీలో ఆమెను ‘చీట్ కోడ్’ అనే పిలుస్తున్నారని తెలిసింది. తెలిసీ ఊరుకున్నాను.

పోయిన ఏడాది సెంటర్ ఎత్తేస్తూ పాత కంప్యూటర్లు ఖాళీ చేస్తుంటే ఆ ఫైలు కనబడింది. తెరిచాను. పీజెంట్స్‌ను తీసి మేటి దళాలను పెడితే పట్టణం గుర్తు ఎర్రబడింది. మళ్లీ పీజెంట్స్‌ను పెడితే పచ్చబడింది. శాంతిభద్రతల విషయంలో ఆ ఆట కత్తుల పదును చూడదు, తలలు లెక్కపెడుతుంది. మేటి దళంలో మనుషులు తక్కువ, పీజెంట్స్ గుంపులో ఎక్కువ. అన్నేళ్లు ఆ ఆట ఆడించిన నాకు తెలియని సంగతి అది.

షబానా ఇప్పుడు బడిలో లెక్కలు చెబుతోంది. నంబరు సంపాదించి ఫోన్ చేశాను.

"చెల్లె, తప్పు నాదే. సేవ్ ఫైల్ చూసిన."

"జల్దినే చూసినవ్ అన్నా!" అంది. "నాకొక్కదానికి చెప్తే ఎట్ల? ఆ రోజు నవ్వింది ఎంతమంది? గంత మందికి చెప్పు."

మా పాత ఆటగాళ్ల వాట్సాప్ గ్రూపులో, ఆ పట్టణం ఫోటోలతో సహా, అంతా రాశాను. మొదట జవాబిచ్చింది కిరణే: "కప్పు మా ఇంట్లనే ఉన్నది అన్నా. ఆమెకు ఇచ్చేద్దాం."

ఆదివారం ఇద్దరం మట్టెవాడ వెళ్లాం. తలుపు తీసిన పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూసి లోపలికి కేకేశాడు.

"బేటీ, నన్ను రోమ్ డ్యూటీకి ఏసిన సారు గీయనేనా?"

లోపల షబానా నవ్వింది. ఈసారి ఆ నవ్వు విని నా గుండె తేలికపడింది. తీర్పు చెప్పే కుర్చీలో కూర్చున్నవాడు ముందు ఫైలు తెరవాలి, ఆ తర్వాతే నోరు.