ఈల కారూ, లేతు మామా

మొన్న మా చిన్నమ్మాయి కొత్తగా కొన్న కారులో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కర్నూలు బజారులో తిప్పుకొస్తూ ఉంటే, ఒకచోట ఎర్రలైటు పడింది, కారు నిలబడింది, నిలబడీ నిలబడకముందే ఇంజను ఠక్కున ఆగిపోయింది. నా చెయ్యి గబుక్కున ముందుకు పోయింది, ఆపొద్దమ్మా అన్న మాట నోట్లోంచి జారిపోయింది. తను ఆపలేదనీ, పెట్రోలు ఆదా కోసం అదే ఆపుకుంటుందనీ, పచ్చలైటు పడగానే అదే మళ్ళీ లేస్తుందనీ అమ్మాయి నవ్వుతూ చెప్పింది. ఇది టర్బో ఇంజను కదా, ఇలా ఉన్నపళంగా ఆపితే ఏమీ కాదా అని అడిగితే, ఆ సంగతులన్నీ ఇప్పుడు కారే చూసుకుంటుందని తేలిగ్గా అనేసింది. ఇంజను అలా ఆపిన నేరానికి ఒక పెద్దమనిషి పరువు పోవడం నా కళ్ళతో చూసినవాణ్ణి, ఆ నేరం చేసింది కూడా నేనే, ఆ మాట ఇంట్లో ఎవరికీ ఇంతవరకు చెప్పలేదు.

మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో కారంటే రెండో మూడో రకాలు, అన్నిటికీ ఒకటే కంఠం, ఒకటే నడక. అలాంటి కాలంలో, ఎనభైల చివర్లో, ఆదోనిలో నేను ఫిట్టరుగా పనిచేస్తున్న, పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లు షావుకారు పత్తి అమ్మకానికి బొంబాయి పోయి, గల్ఫు నుంచి వచ్చిన ఎవరో ఆసామి దగ్గర మోజుపడి ఒక జపాను కారు కొనుక్కొచ్చినాడు. అప్పటికే ఆరేడేళ్ళు వాడిన బండి. రెండే తలుపులు, నేలకు ఆనుకున్నట్టు ఉండే ఒళ్ళు, మీట నొక్కితే బానెట్టులోంచి పైకి లేచే లైట్లు. పత్తి ఏరే ఆడవాళ్ళు ఆ లైట్లు లేచినప్పుడల్లా నిద్రలేసిందే అని పకపకా నవ్వేవాళ్ళు. వేగం అందుకున్నప్పుడు లోపల్నుంచి సన్నగా ఈల వచ్చేది కాబట్టి ఊళ్ళో దానికి ఈల కారని పేరు పడిపోయింది.

ఆ ఈల మూడు నెలలు కూడా నిలవలేదు. పొగగొట్టంలోంచి నీలంపొగ మొదలైంది, లాగుడు పోయింది, జపాను రాణి ఎద్దులబండి వెనకాల పడిపోయింది. బొంబాయి నుంచి సామాను తెప్పించే దారి లేదు. కారుతో పాటు వచ్చిన పుస్తకం మొత్తం జపాను భాషలో ఉంది, దాన్ని షావుకారు పూజగదిలో పెట్టినాడు గానీ చదివేవాడెవడు. చివరికి ఆ బండిని పత్తి గోదాములో ఒక మూల నిలబెట్టి, దీని సంగతి చూడమని నన్నూ, మిల్లు పనులన్నీ చేసిపెట్టే లేతు మామనూ పురమాయించినాడు.

లేతు మామ అంటే నాకు చుట్టమేమీ కాదు. మార్కెట్టు యార్డుకు పోయే దారిలో చిన్న రేకుల షెడ్డులో, ఇనుమును తిప్పి చెక్కే లేతు మిషను పెట్టుకున్న సాయిబుల పెద్దాయన. ఎమ్మిగనూరులో మగ్గం మీద బతికే ఇంట్లో పుట్టి, ఫిట్టరు కోర్సు చేసి ఆదోనికి వచ్చిన నాకు మొదటి వారంలోనే అల్లుడా అని పిలుపు కలిపినాడు, అప్పట్నుంచి ఆయన నాకు మామ. ఆయన లేతు మీద చేసిన పని ఏదీ తిరిగి రాలేదని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. మామ మాత్రం ఆ మాట తన నోటితో ఎప్పుడూ అనేవాడు కాదు, ఎవరైనా అంటే వినబడనట్టు బీడీ వెలిగించేవాడు. అంత గర్వం ఉన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

టర్బో అనేది ఏమిటో ఇద్దరికీ తెలియదు. ఇంజను పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుందనీ, ఆ చక్రం అవతలి కొసన ఉన్న ఇంకో చక్రం గాలిని ఇంజనులోకి కుక్కుతుందనీ విప్పి చూశాకే అర్థమైంది. రెండింటి మధ్య ఇరుసు బుష్షులనే రెండు చిన్న కంచు గొట్టాల్లో, నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. బుష్షులు బయటికి తియ్యగానే నేను అలవాటు కొద్దీ కిరసనాయిలు డబ్బా దగ్గరికి జరిపినాను. మామ నా మణికట్టు పట్టుకున్నాడు.

“కడగాకు అల్లుడా. ముందు సూడల్ల. యేం జరిగిందో మసే సెప్తాది. కడిగినామంటే అది నోరు మూసుకుంటాది.”

ఆ బుష్షును వెలుగులోకి పట్టుకుని గోటితో గీకి చూపించినాడు. మాడిన నూనె, పెనం అడుగున అంటుకున్నట్టు నల్లగా గట్టిగా పేరుకుని ఉంది. తన తండ్రి ఆదోని స్టేషను దగ్గర జట్కా తోలేవాడని చెప్పి, పరిగెత్తి వచ్చిన గుర్రాన్ని వచ్చీ రాగానే కట్టేస్తే ఏమవుతుందో దీనికీ అదే అయిందన్నాడు. చక్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది, ఇంజను ఆపితే నూనె ఆగిపోతుంది, ఆ వేడికి ఉన్న నూనె కాస్తా మాడిపోతుంది. తప్పు కనబడిపోయింది. షావుకారు డ్రైవరు లారీల మీద పెరిగినవాడు, దిగుడు కనబడితే ఇంజను ఆపి బండిని జారనివ్వడం, ఆగిన మరుక్షణం తాళం తిప్పడం, మన పక్క డ్రైవర్లందరికీ ఉన్న పొదుపే అతనికీ ఉంది. నాకూ బండి నేర్పింది అలాంటి లారీ డ్రైవరన్ననే. షావుకారు ఆ డ్రైవరును ఆ సాయంత్రమే పనిలోంచి తీసేసి, ఇకమీదట ఎవరు ఠక్కున ఆపినా ఇదే గతి అని మిల్లులో అందరి ముందూ చెప్పినాడు. మామ లెక్క ప్రకారం బండి వచ్చి నిలబడ్డాక సగం బీడీ కాలేంతసేపు ఇంజను ఊరికే తిరగాలి, ఆ తర్వాతే ఆపాలి.

ఆ తర్వాతి ఆరు నెలలే నా జీవితంలో నేను మళ్ళీ మళ్ళీ తలుచుకునేవి. మూలపడిన జిన్నింగు మిషను బేరింగులోని కంచు ముక్కను మామ లేతుకు కట్టి, వెంట్రుకలో సగానికి సగం తేడా రాకుండా బుష్షులు తీసినాడు, నచ్చక మూడు జతలు పక్కన పడేసి నాలుగోది ఒప్పుకున్నాడు. మన పెట్రోలుకు ఇంజను కటకటా కొట్టుకుంటుంటే హెడ్డు కింద రాగిరేకు ఒకటి అదనంగా వేసినాము. మన రోడ్లకు అడుగు తగలకుండా స్ప్రింగుల కింద లారీ టైరు రబ్బరు ముక్కలు కోసి పెట్టినాము. మిల్లు గాల్లో ఎగిరే పత్తినూగు వారంలో రెండుసార్లు గాలి ఫిల్టరును మూసేస్తుంటే, మా అమ్మ మగ్గం మీద మిగిలిన పల్చటి గుడ్డ ముక్క ఇచ్చింది, దాన్ని రెండు మడతలు పెట్టి ఫిల్టరుకు చుట్టి, మాసినప్పుడల్లా ఉతికి ఆరేసేవాణ్ణి. జపానువాడు చూస్తే ఏడ్చేవాడేమో గానీ మాకు మాత్రం అది మా చేతుల్లో మన ఊరి బండి అవుతున్నట్టు ఉండేది. మధ్యాహ్నాలు మామ ఇంటి నుంచి వచ్చిన జొన్నరొట్టె బానెట్టు మీద పరుచుకుని తినేవాళ్ళం. అంత ఆకలి, అంత రుచి తర్వాత నాకెక్కడా దొరకలేదు.

ఈల మళ్ళీ వచ్చిన వారానికి, షావుకారు బండిని దూరం తిప్పి చూడమన్నాడు. ఆ రోజు శుక్రవారం, మామ నమాజుకు పోవాలి కాబట్టి నేనొక్కణ్ణే ఎమ్మిగనూరు దాకా పోయినాను. మా వీధిలో మగ్గాలు ఆగిపోయినాయి. నాన్న మగ్గం గుంటలోంచి లేచొచ్చి, కారును తాకి చూడటానికి ముందు చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. ఎక్కుతామన్నవాళ్ళనల్లా ఎక్కించుకుని ఊరంతా ఎన్ని చుట్లు తిప్పినానో నాకే తెలియదు. తిరుగుదారిలో ఖాళీ రోడ్డు మీద ఈల గొంతెత్తి పాడినంతసేపు తొక్కినాను, తీరా చూస్తే పెట్రోలు ముల్లు అడుగుకు దిగిపోయి ఉంది. ఇంత పెట్రోలు ఎక్కడ పోసినావని షావుకారు అడిగితే ఏం చెప్పాలి? ఆదోని ముందు రోడ్డు దిగే చోట నా చెయ్యి దానంతట అదే తాళం మీదికి పోయింది.

ఇంజను ఆగిపోయింది, బండి జారుతోంది, చుట్టూ నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో బానెట్టు కింద చక్రం ఇంకా తిరుగుతున్న సన్నటి ఈల మెల్లగా, చాలా మెల్లగా తగ్గిపోవడం వినిపించింది. అంత తియ్యటి చప్పుడు నేనెప్పుడూ వినలేదనుకున్నాను. నూనె లేని బుష్షు మాడుతున్న చప్పుడది. దిగుడు అయిపోయాక మళ్ళీ స్టార్టు చేసి, మిల్లులో మామ ఎదురుగా సగం బీడీ సేపు ఇంజను తిప్పి మర్యాదగా ఆపినాను. మామ తల ఒక పక్కకు వంచి విన్నాడు.

మర్నాడు పొద్దున బళ్ళారి వ్యాపారులు ఇద్దర్ని పక్కన పెట్టుకుని షావుకారు బండి తీసినాడు. మిల్లు ఆవరణ దాటకముందే నీలంపొగ కమ్మేసింది. అందరి ముందూ అక్కడే విప్పమన్నాడు. ఎమ్మిగనూరులో మగ్గాలకు పని తగ్గిన రోజులవి, నెల తిరిగేసరికి ఇంటికి చేరేది నా జీతం ఒక్కటే. మామ బుష్షు బయటికి లాగినాడు, ఒక్క చూపు చూసినాడు, చూసిన చేత్తోనే కిరసనాయిలు డబ్బాలో ముంచి పత్తి వేస్టుతో గట్టిగా రుద్దినాడు. పసుపుపచ్చగా మెరిసే, అంచు విరిగిన బుష్షును అరచేతిలో పెట్టి షావుకారుకు చూపించినాడు.

“నాదే తప్పు సావుకారూ. బిగువు యెక్కువ పెట్టినా.”

షావుకారు ఆ వ్యాపారుల ముందు అన్న మాటలు ఇక్కడ రాయను. మిల్లు లేతు పని ఆ రోజు నుంచి ఇంకో షెడ్డుకు పోయింది. మామ చేతి పని తిరిగొచ్చిందట అని ఊళ్ళో చెప్పుకున్నారు, నా పక్కన నిలబడే చెప్పుకున్నారు. కారులో టర్బో తీసేసి రేకు బిళ్ళతో దారి మూసినాము, మూగదై కొన్నాళ్ళు తిరిగి, బళ్ళారి వైపు ఎవరికో అమ్ముడుపోయింది. ఆ రోజే మామ ఆ బుష్షును నా చొక్కా జేబులో వేసి, మళ్ళీ ఎప్పుడైనా చెయ్యాల్సివస్తే కొలతకు పనికొస్తుంది పెట్టుకో అన్నాడు. నేను పెట్టుకున్నాను. ఆదివారాలు ఎప్పటిలాగే ఆయన షెడ్డుకు పోయేవాణ్ణి, ఎప్పటిలాగే రొట్టె పెట్టేవాడు. ఆ రోజుల్లో నాకు కలిగింది దిగులు కాదు, గండం గడిచిందన్న నిమ్మళం. రాయడానికే సిగ్గుగా ఉంది.

తర్వాత నేను కర్నూలు చేరి, ఒక వర్క్‌షాపులో ఫోర్‌మనునయ్యాను. యాభై దాటాక ఒకరోజు కొత్త ఫిట్టరు ఎవరో పాడైన బేరింగును కిరసనాయిలులో వెయ్యబోతుంటే, కడగొద్దు, ముందు చూడాలి అన్నాను. అన్నాక ఆ మాట ఎవరిదో గుర్తొచ్చింది. జీవితంలో ఏ ముక్కనూ చూడకుండా కడగని మనిషి, మసిని చదవడం నాకు నేర్పిన మనిషి, ఆ రోజు అంత తొందరగా ఎందుకు కడిగినాడు? నా తప్పు బయటపెట్టే మసి నోరు మూయించినాడు, ఇంత చిన్న సంగతి తట్టడానికి నాకు పాతికేళ్ళు పట్టింది.

ఆ ఆదివారమే ఆదోని బస్సెక్కినాను. లేతు అమ్మేసి మామ ఇంటిపట్టునే ఉన్నాడు. చేతులు వణుకుతున్నాయి, చెవులు బొత్తిగా పోయినాయి. అన్నేళ్ళు ఎవరికీ చెప్పని మాటను నేను వీధి అంతా వినేలా అరిచి చెప్పాల్సి వచ్చింది, పక్కింటివాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. మామ అంతా విని, ఏ కారో తనకు జ్ఞాపకం లేదని, చాయ్ తాగమని, ఉల్లిగడ్డల సంగతి ఎత్తుకున్నాడు. నేనూ ఉల్లిగడ్డల గురించే మాట్లాడి లేచినాను. గోడ పట్టుకుంటూ వాకిలి దాకా వచ్చి, అప్పుడు అడిగినాడు.

“ఆ బుష్షు ఉందా అల్లుడా?”

ఉందని తల ఊపినాను.

“కొలత సరిగ్గానే ఉన్నింది కదా?”

సరిగ్గానే ఉన్నింది మామా అని నేను ఇంకోసారి వీధంతా వినేలా అరిచినాను. ఆయన పక్కింటి వాకిళ్ళ వైపు ఒకసారి చూసి, బీడీ వెలిగించుకున్నాడు. అదే కడసారి చూపు.

మొన్న ఇంటికి చేరాక అమ్మాయి కారు ఆపి దిగిపోయింది. నేను సగం బీడీ సేపు అలాగే కూర్చున్నాను, మోకాళ్ళు పట్టేసినాయనుకుని తనే వచ్చి తలుపు తీసింది. అమ్మాయి చెప్పిందాని ప్రకారం ఈ కారు ఎప్పుడు ఎంత వేగంతో పోయిందో, ఎక్కడ ఎలా ఆగిందో అంతా తనలోనే రాసుకుంటుందట, ఏదైనా చెడితే షోరూములో వైరు తగిలించి చూస్తే తప్పెవరిదో నిమిషంలో తెలిసిపోతుందట, చెడిన ముక్కను ఎవరూ విప్పరట, మొత్తంగా తీసి కొత్తది పెడతారట. మంచిదే, ఎవరి తప్పు వాళ్ళ మీదే ఉంటుంది, ఏ పెద్దమనిషీ చెయ్యని తప్పుకు తల వంచాల్సిన పని లేదు. అయినా ఆ కొత్త డాష్‌బోర్డును తడుముతూ కూర్చున్నంతసేపూ నాకు ఒకటే అనిపించింది, నాలాంటి భయస్తుడు ఒకడు ఇందులోనూ ఎప్పుడో ఒకరోజు తప్పు చేస్తాడు, వాడి పక్కన కిరసనాయిలు డబ్బా పట్టుకుని నిలబడటానికి మామ ఉండడు.