కుంకుమ బొట్టు పెట్టిన స్టేషన్

దసరాకు దుకాణం కడుగుతుంటే అటక మీద మా అవ్వ రేడియో దొరికింది. దాని ముల్లు తిరిగే అద్దం మీద కుంకుమ బొట్టు ఇంక పోలే. అవ్వకు అంకెలు రావు. మన నాందేడ్ ఎఫ్‌ఎం ఎక్కడ పలుకుతదో అక్కడ బొట్టు పెట్టుకున్నది.

యాదికున్నదా దోస్తులార? ఆ స్టేషన్ కొత్తగ వచ్చినప్పుడు బజార్ల ఏ దుకాణంల చూసినా అదే మోగేది. మధ్యాన్నం ఒంటిగంటకు రేడియోల ఓ పిల్ల మరాఠీల "జేవ్లాత్ కా?" అని అడిగేది, తిన్నరా అని. మా అవ్వ తెలుగుల "తిన్న బిడ్డా, నువ్వు తిన్నవా?" అనేది. పిల్లకు అబద్ధం చెప్పద్దని పన్నెండున్నరకే కంచం ముందట కూసునేది.

తర్వాత దుకాణపోళ్లు ఒక్కొక్కరే అడ్వర్టైజులు ఇచ్చుడు బంద్ జేసిండ్రు. మా బాపు సుత బంద్ జేసిండు. స్టేషన్ మూతబడ్డది.

"పిల్లకు పానం బాగలేదేమో" అన్నది అవ్వ. ఎంత చెప్పినా వినలే. పోయేదాక ఒంటిగంటకు ముందే తిని, రేడియోల ఆ ఉత్త గరగర ముందట కూసున్నది.

ఇయ్యాల కొత్త సెల్లులు ఏసి, ముల్లు బొట్టు కాడికి తిప్పిన. అదే గరగర. గడియారం చూస్తే ఒంటిగంట. నేనింక తినలే.

ఎవరో అడగబోతున్నట్టు అనిపించి, గబుక్కున బంద్ జేసిన.