సంచికి రెండో చెవి

డాక్టరు రాసిచ్చిన చిట్టీని మా సేఠు రెండుసార్లు చదివి పకపకా నవ్వాడు. పది కిలోలకు మించి ఎత్తకూడదు, వంగకూడదు, పనిలో ఉన్నంతసేపూ నడుముకు బెల్టు ఉండాలి, గంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. ఇవీ అందులోని షరతులు. "మన గోదాంల పది కిలోల లోపలున్నది చాయ్ కెటిల్ ఒక్కటే. దాన్ని మోస్తవా?" అన్నాడు. చుట్టూ ఉన్న హమాలీలు నవ్వారు. నేనూ నవ్వాను. ఏడు నెలలు ఇంటి కప్పు చూస్తూ పడుకుని వచ్చినవాడికి, నలుగురి మధ్య నిలబడి నవ్వడమే పెద్ద సంబరం.

ఆర్మూరులో ఆ పసుపు గోదాములో పదకొండేళ్ళు సంచులు మోశాను. ఇంటర్ దాకా చదివానని జట్టులో నన్ను "సార్" అని ఎక్కిరించేవాళ్ళు. చేతిలోంచి సంచి జారిందంటే మాత్రం ఆ సార్ కాస్తా గాలికి పోయేవాడు, మా తాత ముత్తాతలందరూ కట్టగట్టుకుని తిట్లు తినేవాళ్ళు. అందరికన్నా ఎక్కువ తిట్టేవాడు నా జోడీ. గోదాములో సంచుల్ని వరసల మీద వరసలుగా పేర్చేటప్పుడు ఇద్దరిద్దరు కలిసి ఎత్తుతారు. సంచి మూతి మూలల్లో పట్టుకోవడానికి కట్టిన చెవుల్లో చెరొకటి ఒక చేత్తో, చెరో అడుగు మూల ఇంకో చేత్తో పట్టుకుని ఒక్క ఊపులో పైకి విసరాలి. సంచి అరవై కిలోలు. ఒకడు అరక్షణం ముందు ఊపితే రెండోవాడి భుజం పోతుంది. నేనూ వాడూ ఎప్పుడూ ఒకటి, రెండు అని లెక్కపెట్టుకోలేదు. వాడు ఊపిరి పీల్చే చప్పుడు నాకు చాలు. జక్రాన్‌పల్లి నుంచి పొద్దున్నే బస్సులో వచ్చేవాడు. రాగానే మొదటి తిట్టు నాకే.

అంతకుముందు సీజను చివర్లో, పై వరసలోంచి జారుతున్న సంచిని పట్టుకోబోయి పక్కకు తిరిగాను. నడుములో ఏదో తెగినట్టయింది, కాళ్ళు రెండూ నావి కాకుండా పోయాయి. వదిలేసి ఉంటే సంచి కిందపడి పగిలేది, అంతే. నాలుగు కిలోల పసుపు చెత్తలో కలిసేది. ఇప్పటికీ ఆ సంగతి తల్చుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. నిజామాబాద్ దవాఖానలో ఉన్నప్పుడు మా మేస్త్రి బత్తాయిపండ్లు తెచ్చి, మంచం పక్కన కూర్చుని, "నీ జాగ నీకే ఉంటది. ఏర్గట్ల ఊరాయనను ఒకన్ని పెట్టిన. నువ్వు వచ్చేదాంక జర పని నడిపిస్తడు, గంతే" అన్నాడు. ఏడు నెలలూ ఆ మాట పట్టుకునే బతికాను. మందులకంటే అదే ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం.

తిరిగి వచ్చాక నాకు ఇచ్చింది సంచుల మూతి కుట్టే పని. కాంటా మీద తూకమైన సంచిని ఇద్దరు లాక్కొచ్చి నా ముందు నిలబెడతారు. నేను స్టూలు మీద కూర్చుని దబ్బనంలో సుతిలి తాడు ఎక్కించి మూతి కుట్టాలి. కుట్టు మొదలుపెట్టే మూలలో పిడికెడు పసుపు కొమ్ములు దూర్చి, గోనెను మెలిపెట్టి, సుతిలిని రెండు చుట్లు చుట్టి ముడి వేస్తే చెవి వస్తుంది. ఆ చివర మూలలో అలాంటిదే రెండో చెవి. చూడ్డానికి ముసలివాళ్ళ పనిలా ఉంటుంది. నిజానికి ముసలివాళ్ళ పనే. నాకప్పుడు నలభై కూడా నిండలేదు.

ఈ చివర చెవి నా ఒళ్ళో ఉన్నట్టే ఉంటుంది, సుఖంగా కట్టేవాణ్ణి. ఆ చివర చెవికి చెయ్యి చాచాలంటే నడుము వంగాలి. వంగకూడదు. లేచి, స్టూలు అటు వేసుకుని, మళ్ళీ కూర్చోవాలంటే ఒక్కో సంచికీ రెండుసార్లు లేవడం, రెండుసార్లు కూర్చోవడం. లేచినప్పుడల్లా కాల్లోకి కరెంటు పాకేది. అందుకని కూర్చున్నచోటి నుంచే చెయ్యి అందినంత మేర చుట్టి, ముడి బిగించి వదిలేసేవాణ్ణి. ఆ చెవి చిన్నగా, చప్పిడిగా ఉండేది. చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను. పరవాలేదులే అనుకున్నాను.

నన్ను బాధపెట్టింది మాత్రం ఇంకొకటి. వచ్చిన వారం రోజుల్లోనే ఎవరూ నన్ను తిట్టడం లేదని గమనించాను. నాకంటే చిన్నవాళ్ళు, నిన్నమొన్నటిదాకా నా బీడీలు లాక్కుని తాగినవాళ్ళు, "అన్నా, నువ్వు కూసో, మేం తెస్తం గద" అనేవాళ్ళు. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చేవాళ్ళు. నేను వెళ్తే ఒక మాట మధ్యలో ఆపి ఇంకో మాట ఎత్తుకునేవాళ్ళు. సాయంత్రం కుళాయి దగ్గర అందరూ కలిసి ఒంటి మీది పసుపు కడుక్కుంటూ ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకునేవాళ్ళు. నా మీద ఒక్క చుక్క పడకుండా జాగ్రత్త పడేవాళ్ళు. చుట్టమై వచ్చిన ఇంట్లో కూడా ఇంత మర్యాద దొరకదు. ఆ మర్యాదకు నాకు ఏడుపొచ్చేది.

నా జోడీ అయితే మాటలే మానేశాడు. వచ్చేవాడు, తల ఊపేవాడు, ఏర్గట్ల మనిషితో కలిసి సంచులెత్తేవాడు. ఇదివరకు మధ్యాహ్నం ఇద్దరం ఒకే సంచికి వీపు ఆనించి, వాడి జొన్నరొట్టె నేనూ నా అన్నం వాడూ తినేవాళ్ళం. ఇప్పుడు వాడు గోదాము ఆ మూలకు పోయి గోడవైపు తిరిగి తినేవాడు. ఏర్గట్ల మనిషి నెమ్మదైనవాడు, నాకేమీ చెడు చేయలేదు. అయినా వాడు నా చోట నిలబడి, నా జోడీ ఊపిరికి తగినట్టు ఊపుతుంటే చూడలేకపోయేవాణ్ణి. కొత్తగా కాపురానికి వచ్చిన సవతిని చూసినట్టు చూసేవాణ్ణి. మా ఆవిడతో చెప్పుకుందామా అంటే, ఆమె బీడీల చాట ముందు కూర్చుని, "నిన్ను పనిల పెట్టుకున్నదే ఎక్కువ" అనేది. అది నిజమే కాబట్టి ఇంక చెప్పేదేమీ ఉండేది కాదు.

మూడు నెలలకు డాక్టరు మళ్ళీ రమ్మన్నాడు. అప్పటికి పనికొచ్చేలా తయారై చూపించాలని పంతం పట్టాను. ఒకరోజు మా ఆవిడ బీడీలు ఇచ్చి రావడానికి వెళ్ళినప్పుడు, వంటింట్లో నిండు గ్యాస్ సిలిండరును రెండు చేతులా పట్టి లేపాను. జానెడు లేచింది. ఆ జానెడులోనే నేను మళ్ళీ హమాలీనయ్యాను. దింపేటప్పుడు తెలిసింది. రెండు రోజులు మంచం దిగలేదు. ఆమెకు సర్ది చేసిందన్నాను, గోదాముకూ అదే కబురు పంపాను. మూడోరోజు వెళ్తే నా జోడీ నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, వెళ్ళి మేస్త్రితో ఏదో మాట్లాడాడు. నా గురించేనని తెలుసు. అడగలేదు.

తర్వాత సోమవారం వాడు పనికి రాలేదు. వాళ్ళ చెల్లె కొడుక్కి పుట్టువెంట్రుకలట. ఏర్గట్ల మనిషి పక్కన ఇంకొకణ్ణి జోడీగా నిలబెట్టారు. ఆ రోజు సంచికి ఆ చివర ఏర్గట్ల మనిషి పట్టాడు. మూడో సంచి సగం గాలిలో ఉండగానే వాడి చేతిలోంచి జారి కిందపడి పగిలింది. పసుపు కొమ్ములు నా స్టూలు కాళ్ళ దాకా దొర్లుకుంటూ వచ్చాయి.

మేస్త్రి వాడి మీద విరుచుకుపడ్డాడు. వాడు అంతకుముందెన్నడూ గొంతెత్తి మాట్లాడింది నేను వినలేదు. "నన్నెందుకంటవ్ మేస్త్రీ? గీ దిక్కు చెవు ఉంటే గద పట్టేది! రోజు జక్రాన్‌పల్లాయననే గీ దిక్కు నిలబడ్తడు, నన్ను రానియ్యడు. గోర్లతోని గుంజి పడ్తడు. ఆయన గోర్లు ఎన్నడన్న సూశినవా?" అన్నాడు.

నేను ఒక్కొక్కరి ముఖం చూశాను. ఎవరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. అందరికీ తెలుసు. మేస్త్రి నా వైపు తిరిగాడు. తిడతాడని ఎదురుచూశాను, నిజం చెప్పాలంటే తిట్టాలని కోరుకున్నాను. "నువ్వు ఫికర్ జెయ్యకు. కూసో" అన్నాడు మెల్లగా. అందరూ కింద కూర్చుని కొమ్ములు ఏరుతుంటే నేను స్టూలు మీద నిటారుగా కూర్చుని చూశాను. అలా కూర్చోవడం అంత సిగ్గుగా ఉంటుందని నాకు అంతకుముందు తెలీదు.

మర్నాడు పొద్దున గోదాము గేటు దగ్గర నిలబడి నా జోడీ కోసం చూశాను. వాడు రాగానే "చెయ్యి సూపియ్" అన్నాను. జేబులో పెట్టుకున్నాడు. లాగి చూశాను. మూడు వేళ్ళ గోళ్ళు నల్లగా కమిలిపోయాయి. ఒకటి సగం ఊడి, పట్టీ కింద వేలాడుతోంది. అన్నం తినేటప్పుడు గోడవైపు ఎందుకు తిరిగేవాడో అప్పుడు అర్థమైంది.

"ఎందుకు జెప్పలేదురా?"

"ఏం జెప్పాలె?"

"చెవు సక్కగ కడుతలేవని! తిట్టాలె గద. పదకొండేండ్లు తిట్టినవ్."

"తిడుత. తిడితే ఏం జేస్తవ్? వంగి కడుతవ్. వంగితే మళ్ళ దవాఖాననే."

వాడి చెయ్యి వదిలేశాను. "ఇంకొక్క నెల ఆగు. డాక్టర్‌కు సూపిచ్చుకోని మళ్ళ నా జాగల నేను నిలబడ్త. అప్పుడు నీకెట్ల కావాలంటే గట్ల తిట్టు."

వాడు రోడ్డు వైపు చూశాడు. "మొన్న రెండ్రోజులు ఎందుకు రాలేదు నువ్వు?"

"సర్ది..."

"నాకు జెప్పకు సర్ది ముచ్చట. ఏం ఎత్తినవ్?"

నాకు అబద్ధం తోచలేదు. "సిలిండర్" అన్నాను.

"గందుకే మేస్త్రికి నేనే జెప్పిన. నీ జాగల ఏర్గట్లాయననే పక్కా జేసుకోమని. మేస్త్రి వద్దన్నడు. నేనే పట్టువట్టి ఒప్పిచ్చిన. గా జాగ ఖాళీగున్నన్ని దినాలు నువ్వు ఏదో ఒకటి ఎత్తుతనే ఉంటవ్."

ఒక్క దెబ్బ కొడదామనిపించింది వాణ్ణి. నా దగ్గర మిగిలిన ఒక్క ఆశనూ నన్ను అడగకుండా ఇంకొకరికి ఇచ్చేశాడు. నా పెళ్ళాం ఆ పని చేయలేదు, డాక్టరు చేయలేదు, సేఠు చేయలేదు. నాకోసం గోళ్ళు ఊడగొట్టుకున్నవాడే చేశాడు. తిట్టబోతే వాడి గోళ్ళు కనిపించాయి, ఏడవబోతే గేటులోంచి అందరూ చూస్తున్నారు. ముందు వాడు లోపలికి పోయాడు. కాసేపటికి నేను పోయాను.

మొదటి సంచి తెచ్చి నా ముందు నిలబెట్టారు. ఈ చివర చెవి కట్టి, మూతి కుట్టుకుంటూ పోయి ఆగాను. స్టూలు అంచు పట్టుకుని లేచాను. కాల్లోకి కరెంటు పాకింది. స్టూలును చేత్తో ఈడ్చుకుంటూ ఆ చివరకు పోయి కూర్చున్నాను. మూలలో పిడికిలి నిండా కొమ్ములు దూర్చి, గోనె మెలిపెట్టి, మూడు చుట్లు చుట్టాను. అంతసేపూ నా జోడీ, ఏర్గట్ల మనిషీ ఒకరి పక్కన ఒకరు నిలబడి ఉన్నారు. ఎవరూ తొందరపెట్టలేదు. నేను ముడి బిగించి చెయ్యి తీసేశాక ఇద్దరూ ఒక్కసారే వంగారు.