అమ్మమ్మ కుట్టిన ఇరవై అడుగుల పేగు

మనిషి మొహం చూడకముందే పొట్ట కొలత చెప్పేయడం అమ్మమ్మకు అలవాటు. "ముప్పై ఆరు. ఊపిరి బిగబట్టకు నాయనా, నిజం చెప్పు, ముప్పై ఎనిమిది." ఆస్పత్రి కుట్టు గదిలో ముప్పై ఏళ్ళు రోగుల గౌన్లు, డాక్టర్ల టోపీలు, మంచాల మధ్య తెరలు కుట్టీ కుట్టీ ఆమెకు లోకమంతా చుట్టుకొలతల్లోనే కనపడేది. చదువు ఐదో తరగతి దగ్గర ఆగిపోయింది. నోరు మాత్రం ఎక్కడా ఆగలేదు.

అలాంటి నోటికి ఒక సోమవారం తాళం పడింది. కుట్టు గది తలుపుకు ఎవరో కాగితం అంటించారు. ఇకమీదట గౌన్లు బయట రెడీమేడ్‌గా కొంటారట, నెలాఖరుకు గది మూసేస్తారట, కుట్టు మిషన్ స్టోరుకు పోతుందట. ఆ మిషన్ మీద పడినంత సేపు ఆమె చెయ్యి తాత మీద కూడా పడి ఉండదు. తాతే ఈ మాట అంటుంటాడు, కాస్త కుళ్ళుగా.

ఆస్పత్రి పక్కనే ఆస్పత్రి వాళ్ళదే నర్సింగ్ స్కూలు. అక్కడి టీచరమ్మ ఆ రోజు మధ్యాహ్నం పరిగెత్తుకుంటూ వచ్చింది. పాఠం చెప్పే ప్లాస్టిక్ బొమ్మ కిందపడి జీర్ణాశయం రెండు ముక్కలైంది, పేగులు పగిలిపోయాయి. కొత్తది కొనమంటే ప్రిన్సిపాల్ కుదరదన్నారు.

"పెద్దమ్మా, గుడ్డతో కుట్టగలవా? శుక్రవారం ప్రిన్సిపాల్ గారు నా క్లాసుకు వస్తున్నారు. ఆస్పత్రిలో ఆయన మాట చెల్లుతుంది. నీ బొమ్మ ఆయనకు నచ్చితే గది గురించి నేను మాట్లాడతా."

"ఇన్నాళ్ళూ పొట్ట పైన కుట్టాను. లోపల కుట్టలేనా?" అంది అమ్మమ్మ. తాళం ఊడిపోయింది.

టీచరమ్మ పుస్తకం తెరిచి చెబుతుంటే అమ్మమ్మ టేపు మెడలో వేసుకుని వింది. విన్నదల్లా కుట్టు భాషలోకి మార్చుకుంది. అన్నవాహిక జానెడు పైచిలుకు గొట్టం, సరే. జీర్ణాశయం ఒక సంచి. లోపల ముడతలుంటాయి, తిన్నకొద్దీ విచ్చుకుంటాయి. "అంటే కుచ్చులు పెట్టాలి. ఎలాస్టిక్ వెయ్యాలి." సంచి కింద చివర ఒక కండరం బిగుసుకుని, నలిగిన తిండిని కొంచెం కొంచెంగా వదులుతుంది. "లంగా బొందు!" అని అమ్మమ్మ తొడ చరిచింది.

చిన్నపేగు ఇరవై అడుగులని విన్నప్పుడు మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇంత పొట్టలో ఇరవై అడుగులా? చిక్కు పడదూ?"

"పేగుకు ఒక పక్కంతా పల్చటి పొర అతుక్కుని ఉంటుంది పెద్దమ్మా. అది వెళ్ళి వెన్ను వైపు జానెడు కూడా లేని చోట అంటుకుంటుంది."

"ఇరవై అడుగుల అంచుని జానెడులోకి లాగి కుట్టేశాడా! ఫ్రిల్ కదే తల్లీ అది! ఏ దర్జీ కుట్టాడో గానీ దండం పెట్టాలి." అమ్మమ్మ నిజంగానే పైకి చూసి దండం పెట్టింది.

చిన్నపేగు లోపలి గోడకు సన్నటి నూగు లాంటి చూషకాలు ఉంటాయని, అరిగిన తిండిలోని సారాన్ని అవే పీల్చుకుంటాయని తెలిశాక ఆమె పాత టర్కీ టవళ్ళు కత్తిరించి లోపలి వైపు వేసింది. పీల్చే పనికి నున్నటి గుడ్డ ఎవడు వాడతాడు? పెద్దపేగు మీద నిలువునా మూడు పట్టీలు, పేగు కంటే పొట్టివి. అందుకే పేగు బుడిపెలు బుడిపెలుగా ముడుచుకుంటుంది. ఈ ముక్క టీచరమ్మ చెప్పేలోపే అమ్మమ్మ పుస్తకంలో బొమ్మ చూసి చెప్పేసింది. ఉండుకం, అదే అపెండిక్స్, దగ్గర మాత్రం తగువు వచ్చింది.

"ఈ వేలాడే పీలిక మిగులు ముక్కలా ఉంది. కత్తిరించెయ్యనా?"

"వద్దు పెద్దమ్మా! వాచినప్పుడు కత్తిరించడానికి మనకు సర్జన్లున్నారు."

అవయవాలన్నీ రెండు రోజుల్లో సిద్ధమయ్యాయి. కాలేయానికి ఇటుకరంగు వెల్వెట్టు, దాని కింద పిత్తాశయానికి ఆకుపచ్చ శాటిన్, క్లోమానికి సోఫా కుట్టగా మిగిలిన పసుపుగుడ్డ. ఇక వీటిని ఏప్రాన్ మీద పట్టించాలి. అమ్మాయిల్లో ఒకరు దాన్ని తొడుక్కుని నిలబడితే మిగతావాళ్ళు నేర్చుకుంటారన్నమాట. ఏది ఎక్కడ ఉండాలో గుర్తు పెట్టడానికి ఒక పొట్ట కావలసి వచ్చింది. ఇంట్లో ఉన్నది తాతదే.

"పడుకో."

"బతికుండగానే కోస్తావుటే?"

"కోస్తే ఏముంటుంది అందులో, పొద్దున తిన్నదే. కదలకు."

ఏప్రాన్ తాత పొట్ట మీద పరిచి, పుస్తకం పక్కన పెట్టుకుని, సుద్దతో గుర్తులు గీసింది. తాత కితకితలకు మెలికలు తిరిగితే నెత్తిన ఒకటి వేసింది. తర్వాత గుడ్డ తిప్పి, గుర్తుల ప్రకారం ఒక్కో అవయవాన్నీ నాలుగేసి పోగులతో పట్టించింది.

శుక్రవారం పొద్దున క్లాసులో పొడుగాటి అమ్మాయి ఒకతె ఏప్రాన్ తొడుక్కుని నిలబడింది. టీచరమ్మ ఫ్రిల్ దారం వదులు చేసి పేగు బయటికి లాగితే అది గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వచ్చింది, దారం బిగిస్తే ఫ్రిల్ పుణ్యమా అని చిక్కు లేకుండా ముడుచుకుంది. అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. తలుపు దగ్గర నిలబడ్డ అమ్మమ్మ పమిట సర్దుకుంది.

ప్రిన్సిపాల్ మాత్రం తల పక్కకు వంచి చూస్తున్నారు.

"కాలేయం ఎడమ పక్కకు ఎప్పుడు మారిందమ్మా?"

నిజమే. జీర్ణాశయం కుడికి పోయింది, ఉండుకం ఎడమకు పోయింది. అమ్మమ్మ మొహంలో కత్తి వేటుకు నెత్తురు చుక్క లేదు. సుద్ద గీత గుడ్డ వెనక వైపే గీయాలి, బయటి వైపు మరక పడకూడదు: ముప్పై ఏళ్ళ అలవాటు. గీసిందేమో వెనక, పట్టించిందేమో ముందు. మనిషి లోపలంతా తిరగబడిపోయింది.

"తప్పు నాదే సార్," అంటూ అమ్మమ్మ చిన్న కత్తెర తీసింది. "కదలకే పిల్లా."

టకటకా పోగులు తెంచింది. కాలేయం, సంచి, పేగులు అన్నీ బల్ల మీద కుప్పపడ్డాయి. గుప్పెడు పిన్నీసులు పక్కన పోసింది. "నా బుర్ర ఇంకా తిరగేసే ఉంది. ఏది ఎక్కడో చదువుకున్నవాళ్ళు మీరే పెట్టండి."

అమ్మాయిలు ఎగబడ్డారు. ఒకతె కాలేయాన్ని కుడి వైపు పెడితే, ఇంకొకతె "పైకి, ఇంకా పైకి, పక్కటెముకల కిందికి!" అని అరిచింది. పిత్తాశయం కోసం ఇద్దరు కొట్టుకున్నారు. ఉండబట్టలేక ప్రిన్సిపాలే క్లోమం తీసుకుని జీర్ణాశయం మీద గుచ్చారు. వెనక బెంచీ నుంచి కిసుక్కుమని నవ్వు.

"సార్, అది వెనకుండాలి," అంది టీచరమ్మ నేల చూపులు చూస్తూ.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పిన్నీసు తీసి, సంచి పైకెత్తి, క్లోమాన్ని వెనక గుచ్చారు. "ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను. చేత్తో పెట్టింది ఇవాళే. ఇలాంటివి ఆరు కావాలమ్మా. అన్నీ ఇలాగే ఊడదీసి పెట్టేలా."

"టిచ్ బటన్లు వేస్తాను సార్. కానీ నెలాఖరుకు అవ్వవు."

"మరెప్పటికి?"

అమ్మమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఆరు ఇరవైలు నూట ఇరవై అడుగులు, ఆపైన టవలు, ఆపైన ఫ్రిల్. "వచ్చే ఏడాదికి. తొందరపెట్టకపోతే."

రెండు నెలల పని అది. తాతకు తెలుసు. తాత అక్కడ లేకపోవడమే మంచిదైంది.

"అయితే గది ఉండనీయండి. తలుపు మీది కాగితం చింపేయండి."

అమ్మమ్మ చింపలేదు. నీళ్ళతో తడిపి జాగ్రత్తగా ఊడదీసి, ఆరబెట్టి, దాని మీదే రెండో కాలేయం అచ్చు గీసుకుంది. గీసేముందు తన పొట్ట కుడి వైపు చెయ్యేసి, రెండుసార్లు తట్టి చూసుకుంది.